ముప్పై తొమ్మిదో వారం వాళ్లు

ఆ మనిషి ముఖం కంటే ముందు లిఫ్టాయనకు అతని బూట్లు కనిపించాయి. నిగనిగలాడే నల్ల బూట్లు, వాటి మీద మడత చెడని ప్యాంటు అంచులు. హోటల్ లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. రెండో అంతస్తు తలుపును తాళంచెవితో తెరిస్తే, పైన జానెడు సందు, ఆ సందులో ఆ బూట్లు. ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి.

"బాబూ, తాడు తెగుతుందా?" అంది లోపలి గొంతు.

"ఆరు తాళ్లున్నాయండీ. మిమ్మల్ని మోయడానికి ఒక్కటి చాలు. మిగతా అయిదూ మర్యాదకి."

"నాకు ఊపిరాడట్లేదు."

"మాట్లాడుతూ ఉండండి. మాటొస్తోందంటే ఊపిరాడుతున్నట్టే. పైన మావాడు చక్రం తిప్పుతున్నాడు, మెల్లగా దిగుతారు. మీరేం పని చేస్తారు?"

"వారాలు అమ్ముతానండీ."

"వారాలేమిటి? అవి అమ్మేవా?"

అప్పుడు మొదలుపెట్టాడు ఆ బూట్ల మనిషి. సముద్రం ఒడ్డున మూడంతస్తుల భవనం కడుతున్నారట. ఒక్కో గదికి యాభై ఒక్క మంది యజమానులు. ఏడాదిలో ఒక్కొక్కరికి ఒక్కో వారం. ఆ వారం ఆ గది వాళ్లదే, ఏటేటా వాళ్లదే. మిగిలిన ఒక్క వారం సున్నాలకీ రిపేర్లకీ. దీన్ని టైమ్‌షేర్ అంటారన్నాడు. భయం కొద్దీ మాట్లాడుతున్నాడో, వ్యాపారం కొద్దీ మాట్లాడుతున్నాడో అతనికే తెలియని స్థితి. గోడల రంగు చెప్పాడు, కిటికీ పరదాల గురించి చెప్పాడు, పొద్దున్నే గదిలోకి వచ్చే వెలుతురు గురించి కవిత్వంలాంటిదేదో చెప్పాడు. "సముద్రం మీ గుమ్మంలో ఉంటుందండీ" అని మూడుసార్లు చెప్పాడు. ముప్పై అయిదు నిమిషాలకు బూట్లు మోకాళ్లయ్యాయి, మోకాళ్లు నడుమయ్యాయి, చివరికి చెమటతో తడిసిన ఒక గుండ్రని ముఖం నేలకు దిగింది.

లిఫ్టాయన అతని చేయి పట్టుకుని బయటికి తెచ్చి, మంచినీళ్లిచ్చి, అడిగాడు.

"అందులో చవగ్గా వచ్చే వారం ఏదైనా ఉందా?"

"ముప్పై తొమ్మిది. అప్పుడు మబ్బులు, గాలి. ఎవరూ అడగరు."

"నాకిచ్చెయ్యండి."

అప్పటికి ఆయన వయసు ముప్పై. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆయన బతుకంతా నిలువుగానే సాగేది. లిఫ్టు గోతుల్లో దిగడం, పైకెక్కడం, ఇటుక గోడల మధ్య చీకట్లో టార్చి పట్టుకుని తాళ్లు తడమడం. అడ్డంగా పరుచుకున్న దేన్నైనా ఆయన చూసి చాలా కాలమైంది. కానీ ఆ వారం కొనడానికి అసలు కారణం అది కాదు. అసలు కారణం ఇంట్లో ఉంది.

భార్య పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. రాత్రి డ్యూటీ. ఎనిమిదింటికి వెళ్తే పొద్దున ఆరున్నరకు ఇల్లు చేరేది. ఏడింటికి ఆయన బయల్దేరేవాడు. ఇద్దరివీ మంచి ఉద్యోగాలే, ఏదీ మానేసేది కాదు. ఆ ఇంట్లో మంచం ఎప్పుడూ చల్లారేది కాదు. ఆయన లేచిన పల్లంలోనే ఆమె పడుకునేది. దిండుకు ఒక పక్క గ్రీజు వాసన, రెండో పక్క ఆమె తలనూనె వాసన. ఒకరి నిద్ర ముఖం ఒకరు చూసుకున్నది తక్కువ. పెళ్లయిన ఆరేళ్లలో వాళ్లిద్దరూ గుమ్మంలో కలుసుకున్నంతగా ఇంకెక్కడా కలుసుకోలేదు.

వారం కొన్న సంగతి చెప్పిన రోజు ఆదివారం. ఆమె తమ్ముడు కూడా వచ్చి ఉన్నాడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, పక్కవాడు చేసే ప్రతి పనికీ బ్రేకు వేయడం అతనికి అలవాటు.

"బావా, స్థలంలో ముక్క కొన్నవాళ్లని చూశాను. క్యాలెండర్లో ముక్క కొన్నవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"నవ్వుతావేరా, మీ అక్క పేరు మీదే కొన్నాను."

"అయ్యో, అయితే మా ఇంటి పరువు కూడా పోయింది."

"నువ్వు కాసేపు నోరు ముయ్యరా" అని తమ్ముణ్ణి కసిరి, ఆమె భర్తకేసి తిరిగింది. ఆసుపత్రిలో రాత్రంతా ఎవరెవరి కంగారునో తీరుస్తూ తీరుస్తూ ఆమె గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండేది. "ఆ వారం ఇద్దరం ఒకేసారి పడుకోవచ్చా?"

"ఒకేసారి లేవచ్చు కూడా."

"అయితే సరే" అంది ఆమె. అంతే, నిర్ణయమైపోయింది.

గది నంబరు నాలుగు, కింది అంతస్తు. రెండు మంచాలు కలిపి వేసిన పడక, ఒక చెక్క బీరువా, గచ్చు వరండా, అందులో రెండు పేము కుర్చీలు. వరండాకు ఎదురుగా ఛాతీ ఎత్తున ఇసుక దిబ్బ. దిబ్బ నిండా దుప్పటి కప్పినట్టు తీగ పాకి ఉంది. గిట్టల ఆకారంలో ఆకులు, మధ్య మధ్య ఊదా పువ్వులు. అక్కడివాళ్లు దాన్ని దిబ్బతీగ అంటారు. దాని అవతల డెబ్బై రెండు అడుగుల దూరంలో సముద్రం. అడుగులంటే లిఫ్టాయన అడుగులు. ఆయన ఎక్కడికి వెళ్లినా ముందు కొలుస్తాడు, తర్వాతే చూస్తాడు.

మొదటి పొద్దున ఆమె మంచం మీద లేచి కూర్చుని మెడ సాచింది. కెరటాల చప్పుడు వినిపిస్తోంది, సముద్రం మాత్రం కనిపించడం లేదు.

"అమ్మినవాడు గుమ్మంలోనే ఉంటుందన్నాడుగా?" అంది నవ్వుతూ.

ఆయన లేచాడు. ఎక్కడికి వెళ్లినా వెంట తెచ్చుకునే పనిముట్ల సంచీ తీశాడు. తీగలు తెంచే కట్టరు పట్టుకుని దిబ్బ ఎక్కాడు. ఒక తలుపంత వెడల్పున తీగ కోసి, కింద ఇసుకను ఆఫీసులో అడిగి తెచ్చిన పారతో ఇటూ అటూ తోశాడు. గంటన్నర పని. లోపలికి వచ్చేసరికి మంచం మీద నుంచి, ఆకుపచ్చకూ ఆకుపచ్చకూ మధ్య, ఒక చీర కుచ్చంత సముద్రం కనిపిస్తోంది. ఆ కుచ్చులో తెల్లటి నురుగు మడతలు విప్పుకుంటూ మూసుకుంటూ ఉంది. ఆమె చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ మళ్లీ నిద్రపోయింది. ఆయన ఆమె నిద్రపోవడం చూశాడు. పగటి వెలుతురులో, తీరిగ్గా, ఎక్కడికీ వెళ్లే పని లేకుండా.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు. ఏటా ఆ వారం వస్తుంది, వాళ్లు వెళ్తారు. మిగతా వారాల యజమానులెవరో వాళ్లకు తెలియదు. ఒకరు ఖాళీ చేసి వెళ్లాకే ఇంకొకరు రావాలి. కానీ గదిలో ఒక పుస్తకం ఉండేది. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్ల కోసం అందులో ఒక మాట రాసి వెళ్లాలని నియమం. "కుళాయి కారుతోంది, గుడ్డ కట్టాం." "కిటికీ గడియని పైకెత్తి లాగండి, బలం చూపించొద్దు." ముప్పై ఎనిమిదో వారం వాళ్లవి గుండ్రని అక్షరాలు. "ఉప్పు డబ్బాలో సగం ఉంది, వాడుకోండి" అని ప్రతిసారీ రాసేవాళ్లు. నలభయ్యో వారం ఆయన కోపిష్ఠి. "మాకు ముందు వచ్చే మహానుభావులు బాత్రూములో సముద్రాన్ని వదిలి వెళ్తున్నారు. ఇసుక దులుపుకోవడం అనే కళ ఒకటుంది." దాని కింద ఆపరేటరమ్మ మరుసటి ఏడు జవాబు రాసింది: "నేర్చుకుంటున్నాం. ఓపిక పట్టండి." ఆ కింద ఏడాది తర్వాత ఆయన: "అభివృద్ధి కనిపిస్తోంది." ఇలా ముఖాలు లేని ఒక బంధుత్వం నడిచింది.

సముద్రం మాత్రం దగ్గరికి వస్తూ ఉంది. డెబ్బై రెండు అడుగులు ఒక ఏడు అరవై తొమ్మిదయ్యాయి. మరొక ఏడు అరవై. పదిహేనో ఏట నలభై ఒకటి. దిబ్బ ఛాతీ ఎత్తు నుంచి నడుము ఎత్తుకు, అక్కణ్ణుంచి మోకాలి ఎత్తుకు కుంగింది. ఇరవై ఒకటో ఏట పందొమ్మిది అడుగులు.

"అమ్మినవాడు చెప్పినమాట నిలబెట్టుకుంటున్నాడు బావా" అన్నాడు బావమరిది. "సముద్రం గుమ్మంలోకే వస్తోంది. ఇంకో రెండేళ్లయితే మంచం దాకా కూడా వచ్చేస్తుంది, పైసా అదనంగా అడక్కుండా."

మరుసటి ఏడు ఉత్తరం వచ్చింది. యజమానుల సంఘం అధ్యక్షుడు రాశాడు. సముద్రానికి ఎదురుగా ఉన్న ముందు భవనాన్ని మూసేయాలని ప్రతిపాదన. వెనక, రోడ్డు వైపు, ఇంకొక భవనం ఉంది. ముందు భవనంలో మంచి కాలపు వారాలున్నవాళ్లకు అందులో చోటు సర్దుతారు. మబ్బుల కాలం వాళ్లకు ఎంతో కొంత చేతిలో పెట్టి వదిలించుకుంటారు. ముప్పై తొమ్మిదో వారం ముగిసే శనివారం నాడే సమావేశం. గదులు ఖాళీగా ఉండే రోజులు కదా అని ఆ తేదీ పెట్టారు.

ఆపరేటరమ్మ ఉత్తరం చదివి మడిచి, గ్లాసు కింద పెట్టింది. ఆమెకు ఇంకా ఎనిమిదేళ్ల ఉద్యోగం ఉంది. ఎనిమిది ఏళ్లు, ఎనిమిది వారాలు.

"పోతే పోయింది అనలేను" అంది. "అనాలని చూశాను, నోరు రాలేదు."

"పోదు" అన్నాడు లిఫ్టాయన.

"ఎలా పోదు?"

"చూస్తే కదా తెలిసేది. చూడకుండా ఏ లిఫ్టుకీ తాళం వెయ్యలేదు నేను."

తమ వారం మొదలైన రోజునే, సమావేశానికి వారం ముందు వెళ్లారు. బావమరిది తన డ్రైవింగ్ స్కూలు కారులో దింపాడు. ఎడమ పక్కన కూడా బ్రేకు ఉన్న కారది. దారి పొడుగునా లిఫ్టాయన కాలి కింద ఆ బ్రేకు ఉండటంతో, "బావా, నీ కాలు నీ దగ్గర పెట్టుకో" అంటూనే ఉన్నాడు. దింపి వెళ్లాల్సినవాడు, గాలి బాగుందని చెప్పి ఉండిపోయాడు.

లిఫ్టాయన మొదటి రోజంతా దిబ్బ దగ్గరే గడిపాడు. కోతపడిన అంచులోంచి తీగ వేళ్లు గోధుమరంగులో బయటికి వేలాడుతున్నాయి. ఆయనకు అవి బాగా తెలిసినవిలా అనిపించాయి. లిఫ్టు తాడు ఒక్కటిగా కనిపిస్తుంది కానీ అది వందకు పైగా సన్నని తీగల పేనుడు. ఒక్కసారిగా ఎప్పుడూ తెగదు. లోపల ఒక్కో తీగ తెగుతూ వస్తుంది. అందుకే మెకానిక్కులు ఒక నూలు గుడ్డను తాడు చుట్టూ పట్టి, పైనుంచి కిందికి లాగుతారు. గుడ్డ పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒక తీగ తెగినట్టు. అలా మూరెడు మేర ఎన్ని తెగాయో లెక్కపెట్టి, తాడు ఉంచాలో మార్చాలో చెప్తారు. ఏ తీగ మొదట తెగిందన్నది ఎవరూ అడగరు.

సాయంత్రం ఆయన ఒడ్డు వెంబడి నడిచాడు. తమ భవనం పక్కన కంచె వేసిన ఖాళీ స్థలం ఉంది. అన్నదమ్ముల తగాదాలో ఉండి ఇన్నేళ్లుగా అందులో ఎవరూ కాలు పెట్టలేదు. అక్కడ దిబ్బ ఛాతీ ఎత్తున, ఇరవై రెండేళ్ల కిందటిలాగే, నిండా పచ్చగా ఉంది. దాని ముందు ఒడ్డు యాభై అడుగులకు తగ్గలేదు. అదే సముద్రం, అదే గాలి. లిఫ్టాయన ఆ స్థలానికీ తమ భవనానికీ మధ్య గీత మీద నిలబడ్డాడు. ఒక పక్క ఒళ్లు నిండిన దిబ్బ. ఇంకొక పక్క కింది అంతస్తులో ఎనిమిది గదులు, ఎనిమిది గదుల ముందు దిబ్బను కోసి తీసిన ఎనిమిది తలుపులు.

గబగబా గదికి వచ్చి పుస్తకం తీశాడు. పాత పుస్తకాలు కావాలంటే ఆఫీసు గుమాస్తా సామాన్ల గదిలోంచి అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. ఇరవై రెండేళ్లలో నాలుగు పుస్తకాలు. ఆపరేటరమ్మ చదివింది, ఆయన వేళ్లు మడిచాడు.

"తీగ అడ్డొస్తే కాస్త కోశాం. పదకొండో వారం." "సముద్రం చక్కగా కనిపించేలా తీగ సరిచేశాం. ఇరవై." "పిల్లలకి దారి వెడల్పు చేశాం. ఇరవై నాలుగు." "పోయినవాళ్లు కోసినట్టే మేమూ కోశాం. నలభై ఆరు." ఎవరి వారంలో వాళ్లు, గుప్పెడంత. ఏ ఒక్కరూ పెద్ద పని చేయలేదు. రెండు చేతుల వేళ్లూ చాలక ఆయన లెక్క వదిలేశాడు.

అందరికంటే పాత పుస్తకంలో, అన్నింటికంటే మొదటి పేజీలో, ఆమె చదవడం ఆపింది.

"ఏమైంది?"

ఆమె పుస్తకం ఆయన వైపు తిప్పింది. నిలువుగా, స్క్రూలు బిగించినట్టుండే అక్షరాలు. "దిబ్బ మీద తీగ కోసి దారి తీశాను. ఇప్పుడు మంచం మీంచి సముద్రం కనిపిస్తుంది. తర్వాత వచ్చేవాళ్లు కూడా దయచేసి పెరగనివ్వకుండా చూసుకోగలరు. ముప్పై తొమ్మిదో వారం."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"అందరూ మాట విన్నారు" అంది ఆమె మెల్లగా. "మంచివాళ్లు."

"చూసి పక్క గదుల వాళ్లూ తీశారు."

"నా కోసం కోశారు మీరు."

"అక్కడ నీ కోసమని రాయలేదుగా. దయచేసి అని రాశాను."

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న బావమరిది లోపలికి వచ్చాడు. "బావా, నువ్వేం మాట్లాడకు. ఆ పుస్తకం ఇలా ఇయ్యి, సముద్రంలో పారేసొస్తా. ఎంతో దూరం కూడా లేదు."

"తాడు సంగతి తెలిసి కూడా లిఫ్టు నడిపించినవాణ్ణి నేను ఏనాడూ క్షమించలేదురా" అన్నాడు లిఫ్టాయన.

"చెప్తే అందరూ కలిసి నిన్ను ఉతికి ఆరేస్తారు."

"ఆరేయనీ. గాలి బాగుందన్నావుగా."

శనివారం సమావేశం టిఫిన్ల హాల్లో. ప్లాస్టిక్ కుర్చీల్లో ఎనభై మంది పైచిలుకు. ఒకరి గదిలో ఒకరు ఏళ్ల తరబడి ఉండి, ఒకరినొకరు మొదటిసారి చూసుకుంటున్న జనం. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. పొడుగు మనిషి, చేతికర్ర, ఎదుటివాడు నోరు తెరిస్తే మాట వినడం మాని పళ్లు చూస్తాడని పేరు. పక్కన తీరం పనులు తెలిసిన ఒక ఇంజినీరమ్మ, ముందు ఒక మ్యాపు.

"నాకు ముందు భవనం మీద ఎంత ప్రేమ ఉందో మీకు తెలుసు" అన్నాడు డాక్టరు. "కానీ కుళ్లిన పన్ను పీకేస్తేనే పక్క పళ్లు బతుకుతాయి. సముద్రంతో వాదించి గెలిచినవాళ్లు లేరు. చేతులెత్తండి, భోజనానికి వెళ్దాం."

లిఫ్టాయన లేచాడు. చేతిలో పాత పుస్తకం.

"పన్ను బాగానే ఉంది డాక్టరుగారూ. దాని చుట్టూ చిగురే మనం కోసుకుంటూ వచ్చాం."

పక్క స్థలం సంగతి చెప్పాడు. ఎనిమిది తలుపుల సంగతి చెప్పాడు. ఆ తర్వాత మొదటి పేజీ చదివాడు, తడుముకోకుండా, చివర తన వారం నంబరుతో సహా.

కుర్చీలు కిర్రుమన్నాయి. అంతలో వెనక నుంచి ఒక గొంతు. "అంటే మా గది నీ వల్ల పోతోందన్నమాట!" ఇంకొకరు, "నష్టం ఆయన దగ్గర వసూలు చెయ్యండి." మరొకావిడ, "మా ఆయన నడుం విరిగేలా ప్రతి ఏడూ కోశాడు, ఈయన దయచేసి అన్నాడని!" కొందరు నవ్వారు. నవ్వినవాళ్ల మీద ఇంకొందరు విరుచుకుపడ్డారు. పొట్టిగా, మీసాలు పైకి మెలేసిన ఒకాయన లేచి, "ఇసుక దులుపుకోవడం రాదు, దిబ్బ తవ్వడం మాత్రం వచ్చు" అన్నాడు. అప్పుడు తెలిసింది ఆయనే నలభయ్యో వారమని. ఆపరేటరమ్మ అంత గోలలోనూ ఆయన్ని చూసి తల ఊపింది.

లిఫ్టాయన అందరినీ ఆగనిచ్చాడు. గొంతు పెంచలేదు.

"తిట్టండి, నేను తప్పించుకుని పోను. అయితే ఒకటి. నేనొక్కణ్ణే కోస్తే దిబ్బ ఏడాదిలో పూడ్చేసుకునేది. పుస్తకాలు నాలుగూ ఇక్కడ పెడుతున్నాను, ఎవరి వారం వాళ్లు చూసుకోండి. మా పనిలో తాడు అరిగితే భవనం మూసేయరు. లిఫ్టు ఆపి, తాడు మారుస్తారు. దారులు మూసేద్దాం. తీగ మళ్లీ వేద్దాం."

డాక్టరు ఇంజినీరమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లజోడు సవరించుకుంది.

"బొత్తాం ఊడిన చొక్కాలోకి గాలి దూరినట్టు, తెరిచినచోట గాలి దూరి ఇసుకని తోడేస్తుంది, వెనకాలే అల వస్తుంది. ఈయన చెప్పింది నిజమే. కానీ సముద్రం కూడా పెరుగుతోంది, అదీ నిజమే. ఇసుక పట్టేలా దడి కట్టి తీగ వేస్తే దిబ్బ తిరిగి లేవొచ్చు. లేవకపోవచ్చు. రెండేళ్లలో తెలిసిపోతుంది. ఒకటి మాత్రం ఖాయం, అది లేచిందంటే కింది గదుల్లోంచి సముద్రం కనిపించదు. ఒడ్డుకు వెళ్లాలన్నా రోడ్డు మీదుగా చుట్టు తిరిగే వెళ్లాలి."

హాల్లో మూలుగులు. కనపడని సముద్రానికి ఏటేటా డబ్బు కట్టాలా అని ఎవరో అన్నారు. లిఫ్టాయన పుస్తకం మూశాడు. భార్య వైపు చూశాడు. ఆ చీర కుచ్చంత సముద్రం ఆమెది. ఇది ఆయన ఒక్కడూ చెప్పగల మాట కాదు.

ఆమె కూర్చున్నచోటి నుంచే మాట్లాడింది. రాత్రి ఒంటిగంటకు ఫోను చేసిన అపరిచితుడితో మాట్లాడే గొంతు అది. హాల్లో గోల తనంతట తాను తగ్గింది.

"ఆ మొదటి దారి నేను అడిగితే తీసింది. కాబట్టి చెప్తున్నాను, మూసెయ్యండి. నేను ఇక్కడికి సముద్రం చూడ్డానికి రావట్లేదు. ఏడాదికోసారి మా ఆయన నిద్ర లేవడం చూడ్డానికి వస్తున్నాను. దానికి గది ఉంటే చాలు. సముద్రం కావాలంటే నడిచి వెళ్తాను, నాకు కాళ్లున్నాయి."

ఎవరో వెనక వరసలో చప్పట్లు కొట్టబోయి సిగ్గుపడి మానేశారు. లిఫ్టాయన చెవులు ఎర్రబడ్డాయి. బావమరిది మాత్రం పక్కవాడితో, "మా అక్కే" అన్నాడు గట్టిగా.

చేతులెత్తారు. రెండేళ్లు ఆగుదామన్నవాళ్లు నలభై మూడు. మూసేద్దామన్నవాళ్లు నలభై. డాక్టరు రెండుసార్లు లెక్కపెట్టించి, చేతికర్ర నేలకు తాటించాడు.

"రెండేళ్లే. దిబ్బ నా నడుం దాకా రాకపోతే తాళం వేస్తాను. ముందుగా ఎవరు తీశారో వాళ్లదే ముందు మూయాలి."

"ఇవాళే" అన్నాడు లిఫ్టాయన.

భోజనాలయ్యాక నాలుగో నంబరు గది ముందు జనం మూగారు. కొందరు చూడ్డానికి, కొందరు వంకలు పెట్టడానికి. పక్క స్థలం వాళ్ల నుంచి కోత తీగలు తీసుకోవడానికి ఇంజినీరమ్మ ఫోనులో అనుమతి అడిగిపెట్టింది. లిఫ్టాయన కర్రలు పాతాడు, ఆపరేటరమ్మ వాటికి చాప ముక్కలు కట్టింది. మీసాలాయన కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, "ముడి అలా వేస్తే మొదటి గాలికే ఊడుతుంది" అని వచ్చి, తనే కట్టడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేసరికి ఎనిమిది తలుపుల్లో అయిదు మూసుకున్నాయి.

మరుసటి ఏడు వాళ్లు వెళ్లేసరికి గది గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. పొడుగ్గా, సన్నగా, భుజాన సంచీతో, వెళ్లడానికి సిద్ధంగా.

"మీరేనా ముప్పై తొమ్మిది?" అంది.

"ఉప్పు డబ్బా మీరేనా?" అంది ఆపరేటరమ్మ.

ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఆ ఏడు నుంచి కొత్త పద్ధతి వచ్చింది. తీగకు నీళ్లు అందాలి కాబట్టి, వెళ్లేవాళ్లు వచ్చేవాళ్ల కోసం శనివారం ఒక గంట ఆగాలి. ఏ పక్క పాదులు ఎండుతున్నాయో చూపించి, బకెట్టు చేతికిచ్చి కదలాలి. యాభై ఒక్క వారాల వాళ్లు ఇలా గుమ్మంలో ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"దడికి అవతల, సముద్రం వైపువే కొంచెం వడిలాయి" అంది ఆ పొడుగావిడ. "రోజూ రెండు బకెట్లు. ఆ కోపిష్ఠాయనకి ఎండినవి అప్పగించకండి, పుస్తకంలో మన ముగ్గురి పరువూ తీస్తాడు."

ఇసుక దడిని ఆనుకుని మోకాలు దాటి, తొడ దాకా లేచింది. దాని మీద లేత తీగలు చేతులు చాచి ఏదో వెతుకుతున్నట్టు దడి పైదాకా పాకుతున్నాయి. డాక్టరు పోయిన నెల వచ్చి, చేతికర్ర గుచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లాడట. ఏమీ అనకపోవడం మంచిదేనని ఆఫీసు గుమాస్తా అభిప్రాయం. నడుముకు ఇంకా జానెడు కావాలి, ఇంకొక ఏడాది చేతిలో ఉంది. వస్తుందని లిఫ్టాయన అనుకోవడం లేదు, వస్తుందని తెలుసన్నట్టు నడుస్తున్నాడు.

ఆదివారం పొద్దున మంచం మీంచి చూస్తే సముద్రం లేదు. కిటికీ నిండా లేత ఆకుపచ్చ వెలుతురు, గోడ మీద గిట్టల ఆకారపు నీడలు. ఆపరేటరమ్మ ముందుగా లేచింది. పక్కకు తిరిగి, ఆయన నిద్రపోతున్న ముఖాన్ని తీరిగ్గా చూసుకుంది. కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, అవి ఎప్పుడొచ్చాయో ఆమెకు తెలియదు. గుమ్మంలో కనిపించేవి కావవి. ఆయన కళ్లు తెరిచేదాకా కదలకుండా ఉంది.

"ఏమిటలా చూస్తున్నావు?"

"డబ్బు కట్టాను, చూసుకుంటున్నాను. లేవండి, పాదులు ఎండిపోతాయి."

బకెట్టు నింపి చెరో పక్క పట్టుకున్నారు. వరండా వైపు దారి లేదు. వెనక తలుపు తీసి, రోడ్డెక్కి, ఖాళీ స్థలం కంచె పక్క నుంచి చుట్టు తిరిగి వెళ్లాలి. గాలి ఎదురు కొడుతోంది. ఆయన అడుగు పొడుగు, ఆమెది పొట్టి. రెండు అడుగులకోసారి బకెట్టు ఊగి నీళ్లు చింది దుమ్ములో నల్లటి చుక్కలవుతున్నాయి. మలుపు తిరగ్గానే సముద్రం ఎదురైంది, కుచ్చులా కాదు, ఆ చివర నుంచి ఈ చివర దాకా.

"ఆగండి, ఆగండి. నీళ్లన్నీ దారికే పోస్తున్నారు."

"పోనీలే" అన్నాడాయన, బకెట్టు చేయి మార్చుకుంటూ. "దారి కూడా మొలవనీ."